డీ అండ్ డీ 3.5 నాటి నా క్యారెక్టర్ బుడంకాయని ఫిఫ్త్ ఎడిషన్‌లోకి తేవడం ఎలా? (రోగ్ 3 / విజార్డ్ 5 / ఆర్కేన్ ట్రిక్‌స్టర్ 3)

బుడంకాయ_యజమాని

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదువుతూనే ఉన్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి. తప్పులుంటే సర్దుకోండి.

2006 నుంచి 2008 దాకా అమెరికాలో ఎంఎస్ చదివేటప్పుడు మేం ఐదుగురం, ఆరోవాడు డీఎం (ఆట నడిపేవాడు), ప్రతి శుక్రవారం రాత్రి డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాచికలతో ఆడే కథల ఆట) 3.5 ఎడిషన్ ఆడేవాళ్ళం. రైస్ కుక్కర్లో అన్నం, ఒకరి అమ్మగారు పంపిన గోంగూర పచ్చడి, తెల్లారేదాకా పాచికలు. చదువులయ్యాక తలో దిక్కూ అయిపోయాం. ఇన్నేళ్ళకి మా డీఎం మళ్ళీ మొదలెడదామంటున్నాడు, ఆన్‌లైన్‌లో, ఆపిన చోటి నుంచే. కాకపోతే రూల్స్ మాత్రం ఫిఫ్త్ ఎడిషన్, 2014 పుస్తకం. "మీ పాత క్యారెక్టర్లని మీరే మార్చుకుని రండి" అని చేతులు దులుపుకున్నాడు.

నావాడి పేరు బుడంకాయ. హాఫ్లింగ్. పొట్టి జాతివాడు. రోగ్ (దొంగ), విజార్డ్ (మంత్రగాడు), రెండూ కలిపిన ఆర్కేన్ ట్రిక్‌స్టర్, మొత్తం 11వ లెవెల్. పాత షీట్ అటక మీద దొరికింది, మధ్యలో పచ్చడి నూనె మరకతో సహా. రెండు వైపులా స్కాన్ చేసి మా గ్రూపులో పెట్టేశాను. ముఖ్యమైనవి ఇవి:

స్ట్రెంత్ 8, డెక్స్ 18, కాన్ 12, ఇంటెలిజెన్స్ 18 (హెడ్‌బ్యాండ్ పెడితే 20), విజ్‌డమ్ 10, కరిజ్మా 13
హెచ్‌పీ (ప్రాణబలం) 44. మేజ్ ఆర్మర్ మంత్రం వేస్తే ఏసీ (రక్షణ, దెబ్బ తగలాలంటే ఎదుటివాడు అందుకోవాల్సిన అంకె) 20
బేస్ అటాక్ (దెబ్బ తగిలించే నేర్పు) +5, హైడ్ (నక్కడం) +22
స్నీక్ అటాక్ (దొంగదెబ్బ) 3డీ6, అంటే మూడు ఆరుముఖాల పాచికలు; నాలుగో లెవెల్ దాకా స్పెల్స్ (మంత్రాలు)
ఫెమీలియర్ (మంత్రగాడి తోడుజంతువు) ఒక గుడ్లగూబ, పేరు పిన్నమ్మ

ఆన్‌లైన్ బిల్డర్లో ఎక్కిద్దామని కూర్చుంటే హైడ్ అన్న స్కిల్లే లేదు, బేస్ అటాక్ లేదు, ఆర్కేన్ ట్రిక్‌స్టర్ లాంటి ప్రెస్టీజ్ క్లాసులు (అర్హత సాధించి చేరేవి) లేవు. నా +22 హైడ్ కాస్తా +12 స్టెల్త్ అయి కూర్చుంది. పదకొండు లెవెళ్ళ కష్టం సగం ధరకి అమ్ముకున్నట్టుంది. ఏ అంకెని దేనితో భాగించాలో, దేనికి ఎంత కలపాలో సూత్రం ఏదైనా ఉందా?

విశాఖ_విజార్డ్

రోగ్ 11, సబ్‌క్లాస్ ఆర్కేన్ ట్రిక్‌స్టర్. పేరు కూడా అదే కదా బ్రో. అయిపోయింది. నేను బాల్డర్స్ గేట్ 3లో అదే ఆడా, సూపర్ ఉంటుంది.

ఓరుగల్లు_ఓర్క్

> విశాఖ_విజార్డ్: రోగ్ 11, సబ్‌క్లాస్ ఆర్కేన్ ట్రిక్‌స్టర్.

తమ్మీ, పేరు చూసి మోసపోకు. గట్ల చేస్తే ఆయన మంత్రాలన్నీ పోతయ్. సబ్‌క్లాస్ ట్రిక్‌స్టర్‌కి 11వ లెవెల్ల రెండో లెవెల్ స్లాట్లే (రోజుకి ఇన్ని మంత్రాలన్న లెక్క) ఉంటయ్, మూడోది 13కి గానీ రాదు. అన్నకి 3.5ల నాలుగో లెవెల్ దాకా ఉండె. పైకెళ్ళి 2014 పుస్తకంల ఇంకో తిరకాసు, స్పెల్స్ చాలామటుకు ఎన్‌చాంట్‌మెంట్, ఇల్యూజన్లలనే తీస్కోవాలె. 2024ల ఆ అడ్డు తీసేసిన్రు గానీ వీళ్ళ డీఎం 2014 అంటున్నడు కదా.

స్నీక్ అటాక్ 6డీ6 అయితది, రిలయబుల్ టాలెంట్ వస్తది, మస్తుంటది. కానీ ఆడు బుడంకాయ కాదు, బుడంకాయ మేనత్త కొడుకు.

లెక్కల_మాస్టారు

సూత్రం అడిగారు కాబట్టి ముందు సూత్రం ఎందుకు లేదో చెప్తాను.

ఓగర్‌ని తీసుకోండి. 3.5లో దాని ఏసీ 16, హెచ్‌పీ 29. ఫిఫ్త్‌లో (2014) ఏసీ 11, హెచ్‌పీ 59. అదే రాక్షసుడు, అదే దుడ్డుకర్ర. తగలడం తేలికైంది, చావడం ఆలస్యమైంది. దాని పాసివ్ పర్సెప్షన్ (ఊరికే ఉన్నా కనిపెట్టే శక్తి) 8. మీ బుడంకాయ +12తో డైస్ మీద 1 పడినా 13 వస్తుంది, ఓగర్‌కి కనపడడు. +22 పోయిందని ఏడవడం దేనికి?

3.5లో అంకెలు నిచ్చెన ఎక్కుతాయి. 11వ లెవెల్ ఫైటర్ బేస్ అటాక్ +11, మీది +5. స్కిల్ ర్యాంకులు లెవెల్ + 3 దాకా, అంటే 14. దాని మీద డెక్స్ +4, చిన్న శరీరానికి +4, కలిపితే మీ 22. ఎదుటివాళ్ళ అంకెలూ అలాగే పెరుగుతుంటాయి, కాబట్టి నిచ్చెన ఎక్కనివాడు చతికిలబడతాడు. ఫిఫ్త్‌లో 11వ లెవెల్లో అందరికీ ప్రొఫిషియెన్సీ (వచ్చిన పనికి కలిసే అంకె) +4, అంతే. ఫైటర్‌కీ అదే, మీకూ అదే. నైపుణ్యం రెట్టింపైతే (ఎక్స్‌పర్టీస్) +8. స్కోర్లు 20 దాటవు. అంకెని అంకెతో మార్చడమంటే పాత అణాలని పట్టుకెళ్ళి ఫోన్‌లో యూపీఐ చేయమన్నట్టే.

ఒక్క మంచి విషయం: రెండు ఎడిషన్లకీ లెవెళ్ళు 20 వరకే. కాబట్టి 11ని 11గానే ఉంచండి. మీ ఆట ఫోర్త్ ఎడిషన్‌లో జరిగి ఉంటే అక్కడ 30 లెవెళ్ళు, అదో తలనొప్పి.

ఇరవైముఖాలు

మాస్టారు చెప్పినదానికి నేను ఒక ప్రశ్న కలుపుతాను. నేను ఎక్కువగా డీఎంగానే కూర్చుంటాను, పాత క్యారెక్టర్లతో వచ్చేవాళ్ళందరినీ ఇదే అడుగుతాను.

షీట్ పక్కన పెట్టండి. బుడంకాయ టేబుల్ దగ్గర ఏం చేసేవాడు? మీ స్నేహితులు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకునే సంఘటనలు మూడు రాయండి. ఆ మూడూ కొత్త రూల్స్‌లో మళ్ళీ చేయగలిగితే మీవాడు వచ్చేసినట్టే. చేయలేకపోతే అంకెలన్నీ సరిపోయినా వాడు వేరే మనిషి.

బుడంకాయ_యజమాని

అక్కా, భలే ప్రశ్న. (అక్క అనొచ్చు కదా?)

1. జైలు. మమ్మల్నందరినీ గొలుసులతో కట్టేశారు. కాపలావాడు ముప్పై అడుగుల దూరంలో కునికిపాట్లు పడుతున్నాడు. బుడంకాయ కూర్చున్నచోటి నుంచే మంత్రంతో వాడి నడుముకున్న తాళాలగుత్తి విప్పేశాడు. ట్రిక్‌స్టర్‌కి రేంజ్డ్ లెజర్‌డిమైన్ అని ఒక శక్తి ఉంటుంది, రోజుకి ఒక్కసారి.

2. పీపాల వెనక నుంచి స్కార్చింగ్ రే. ఇది ఒకసారి కాదు, ప్రతి యుద్ధంలోనూ. పీపా వెనక దాక్కోవడం, రే కొట్టడం, స్నీక్ అటాక్ కలపడం. మా డీఎం చివరికి ఊళ్ళలో పీపాలు పెట్టడం మానేశాడు.

3. పంపకాలు. దోచిన సొమ్ము లెక్కలన్నీ బుడంకాయే చూసేవాడు, ఎందుకంటే మా బార్బేరియన్‌కి చదువు రాదు (3.5లో నిజంగానే అది రూల్, స్కిల్ పాయింట్లు ఖర్చు పెడితే గానీ బార్బేరియన్‌కి అక్షరాలు రావు), మిగతావాళ్ళకి ఓపిక లేదు.

థాకో_తాతయ్య

నాయనా, ఈ దారం చదువుతుంటే నా ట్రంకుపెట్టె గుర్తొచ్చింది.

నేను సెకండ్ ఎడిషన్ వాణ్ణి, 1989ది. నా మనిషి ఎల్ఫ్, ఫైటర్/మేజ్/థీఫ్, ముగ్గురూ ఒకేసారి. ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు. అప్పట్లో మనుషులు కాని జాతులవాళ్ళు మూడు క్లాసులు కలిపి మొదటిరోజు నుంచే నడిపేవాళ్ళు. వచ్చిన ఎక్స్‌పీని (అనుభవం పాయింట్లని) మూడు సమాన వాటాలు చేసుకోవాలి. క్లాసుకో పట్టిక, ఒకే ఎక్స్‌పీకి థీఫ్ గబగబా ఎక్కేవాడు, మేజ్ మొదట్లో ఈడ్చుకుంటూ వచ్చేవాడు. నాకు మొత్తం 1,80,000 ఉంటే తలా 60,000. దానికి ఫైటర్ 6, మేజ్ 7, థీఫ్ 7.

2000లో థర్డ్ ఎడిషన్ వచ్చింది. మా కుర్రాడొకడు మూడూ కూడి "అంకుల్, మీరు 20వ లెవెల్" అన్నాడు. నవ్వాగలేదు. అదే 1,80,000తో ఒకే క్లాసు నడిపినవాడు ఫైటరైతే 8, మేజైతే 9. అంటే నా ఎల్ఫ్ ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య మనిషి. ఎన్ని లెవెళ్ళు అని కాదు, పక్కన కూర్చున్నవాడితో పోలిస్తే ఎక్కడున్నాడు అని చూసుకోవాలి. కొత్త ఎడిషన్ వచ్చినప్పుడు కంపెనీవాళ్ళే మార్పిడికి ఒక చిన్న పుస్తకం ఉచితంగా ఇచ్చారు. చదివాను, మడిచాను, చివరికి కొత్తగానే రాసుకున్నాను.

నా పేరేమిటని కొత్తవాళ్ళు అడుగుతుంటారు కాబట్టి: థాకో అంటే ఏసీ సున్నా ఉన్నవాణ్ణి కొట్టడానికి డైస్ మీద పడాల్సిన అంకె. అప్పట్లో ఏసీ ఎంత తక్కువైతే అంత గట్టి. నా థాకో 15, ఎదుటివాడి ఏసీ 3, అయితే 12 పడాలి. ఇప్పటి లెక్కలో రెండింటినీ 20లోంచి తీసేయండి: నాకు +5, వాడికి ఏసీ 17, మళ్ళీ 12 పడాలి. ఈ ఒక్కదానికి మాత్రం మాస్టారూ, సూత్రం ఉంది!

లెక్కల_మాస్టారు

ఒప్పుకున్నాను తాతయ్యా. అది భాషమార్పు, కరెన్సీ మార్పు కాదు. ఫిఫ్త్‌లో పెడితే ఆ 17కి కూడా వేరే విలువ వస్తుంది.

ఇరవైముఖాలు

అక్క అనొచ్చు. ఇప్పుడు ఆ మూడు సంఘటనలూ చూద్దాం.

మొదటిది అన్నిటికన్నా తేలిక. ఫిఫ్త్‌లో మూడో లెవెల్ ఆర్కేన్ ట్రిక్‌స్టర్‌కే మేజ్ హ్యాండ్ లెజర్‌డిమైన్ వస్తుంది. కనపడని చెయ్యి, ముప్పై అడుగుల దూరం, జేబులు కొట్టొచ్చు, తాళాలు తీయొచ్చు. రోజుకి ఒక్కసారి కాదు, ఎన్నిసార్లైనా. దీనికోసం మీరు 3.5లో ఎంత తిప్పలు పడ్డారో నాకు తెలుసు: రోగ్ 3, మూడో లెవెల్ స్పెల్ కోసం విజార్డ్ 5, డిసేబుల్ డివైస్, ఎస్కేప్ ఆర్టిస్ట్ ఏడేసి ర్యాంకులు. రోగ్ మూడింటికి ఆరు ర్యాంకులే పెట్టగలరు, ఏడోది విజార్డ్ లెవెల్లో ఒక్క ర్యాంకుకి రెండు పాయింట్లు పోసి కొనాలి. అవునా?

అందుకే నా ఓటు రోగ్ 3 (ఆర్కేన్ ట్రిక్‌స్టర్) / విజార్డ్ 8. విజార్డ్ 8 కాబట్టి నాలుగో లెవెల్ స్పెల్స్, మీకు అప్పుడున్నవే. స్నీక్ అటాక్ 2డీ6, ఒక్క డైస్ తగ్గుతుంది. మల్టీక్లాస్‌కి డెక్స్ 13, ఇంటెలిజెన్స్ 13 కావాలి, మీవాడికి సమస్యే కాదు.

స్లాట్లలో ఒక చిత్రం ఉంది. ట్రిక్‌స్టర్ లెవెళ్ళలో మూడోవంతు లెక్కలోకి వస్తుంది. 3లో మూడోవంతు 1, దానికి 8 కలిపితే 9. తొమ్మిదో లెవెల్ పట్టిక ప్రకారం ఒక ఐదో లెవెల్ స్లాట్ వస్తుంది. కానీ ఐదో లెవెల్ స్పెల్ ఒక్కటీ మీ పుస్తకంలో రాసుకోలేరు.

విశాఖ_విజార్డ్

ఎందుకు రాసుకోలేడు? స్లాట్ ఉంటే స్క్రోల్ చూసి నేర్చుకోవచ్చు కదా, నేను గేమ్‌లో విజార్డ్ 1 మాత్రమే తీసుకుని పెద్ద పెద్దవి నేర్చేసుకున్నా. పైగా ఈ 13 రూల్ ఏంటి, నాకు ఎక్కడా తగల్లేదు.

ఓరుగల్లు_ఓర్క్

గది కంప్యూటర్ గేమ్ తమ్మీ. బాల్డర్స్ గేట్ 3ల మల్టీక్లాస్‌కి 13 ఉండాలన్న రూలే లేదు, స్క్రోల్ సంగతి కూడా ఆళ్ళే వదులు చేసిన్రు. టేబుల్ మీద ఏ క్లాస్‌కి ఆ క్లాస్ లెవెల్ చూసే స్పెల్స్. గేమ్ మంచిదే, నేను మూడుసార్లు ఆడిన. కానీ ఆ అలవాట్లతో టేబుల్ కాడ కూసుంటే డీఎం మొహం మాడుతది.

విశాఖ_విజార్డ్

😅 అందుకేనా మొన్న మా డీఎం నా షీట్ వెనక్కిచ్చేశాడు. సరే, నేర్చుకుంటున్నా.

బుడంకాయ_యజమాని

అక్కా, ఏడో ర్యాంకు సంగతి కచ్చితంగా అదే! ఆ రెండు పాయింట్లు ఇచ్చేటప్పుడు ప్రాణం విలవిల్లాడింది.

జైలు సంగతి తేలిపోయింది, సంతోషం. మరి పీపా వెనక స్కార్చింగ్ రే?

ఇరవైముఖాలు

ఇక్కడే చేదు మాత్ర. ఫిఫ్త్‌లో స్నీక్ అటాక్‌కి ఆయుధం ఉండాల్సిందే, ఫినెస్ (చురుకుతో వాడే కత్తిలాంటిది) అయినా, దూరం నుంచి కొట్టేదైనా. స్పెల్ రేతో కుదరదు. మీ 3.5 పద్ధతి పనిచేయడానికి అసలు కారణం టచ్ ఏసీ, అంటే కవచాన్ని లెక్కచేయని ఏసీ. ఓగర్ ఏసీ 16 అయినా టచ్ ఏసీ 8. అందుకే బేస్ అటాక్ +5తో కూడా బతికారు. ఫిఫ్త్‌లో టచ్ ఏసీ అన్న మాటే లేదు.

రెండో చేదు మాత్ర కాన్సంట్రేషన్, అంటే మంత్రం నిలవాలంటే దాని మీదే ధ్యాస ఉంచడం. మీరు ఫ్లై, హేస్ట్, గ్రేటర్ ఇన్విజిబిలిటీ మూడూ ఒకేసారి వేసుకుని తిరిగి ఉంటారని నా అనుమానం. ఇప్పుడు మూడింటికీ కాన్సంట్రేషన్ కావాలి, ఒక సమయంలో ఒక్కటే. దెబ్బ తగిలితే సేవ్ (తట్టుకోడానికి వేసే డైస్) వేయాలి, తప్పితే ఆ ఒక్కటీ పోతుంది. 3.5 నుంచి వచ్చేవాళ్ళందరూ మొదటి సెషన్‌లో తన్నుకునే గడప ఇదే. మేజ్ ఆర్మర్‌కి, మిర్రర్ ఇమేజ్‌కి అక్కర్లేదు, అవి గుర్తుపెట్టుకోండి.

ఓరుగల్లు_ఓర్క్

అన్నా, షాడో బ్లేడ్ చూడు. 2017ల వచ్చిన జనాథర్ పుస్తకంల ఉన్నది. రెండో లెవెల్ ఇల్యూజన్, బోనస్ యాక్షన్, చేతిల నీడకత్తి పుడ్తది. స్పెల్లే గానీ లెక్కకి ఆయుధం: ఫినెస్ ఉన్నది, ఇసిరి కొట్టొచ్చు. అంటే స్నీక్ అటాక్ నడుస్తది! ఎదుటోడు మసక వెల్తురుల గానీ చీకట్ల గానీ ఉంటే అడ్వాంటేజ్ (రెండు డైస్ ఏసి పెద్దది తీస్కునుడు) గూడ. పీపాల ఎనక చీకటే కదా ఉండేది.

గిప్పుడు అక్క చెప్పిన ఆ పనికిరాని ఐదో స్లాట్ తీయ్. మామూలుగ 2డీ8, గా స్లాట్‌తోని ఏస్తే 4డీ8. పనికొచ్చిందా లేదా?

ఇంకొక్కటి. విజార్డ్‌ని బ్లేడ్‌సింగర్ చెయ్యి. కత్తి తిప్పుకుంట మంత్రాలేసే సబ్‌క్లాస్ అది, 2020 టాషా పుస్తకం నుంచి ఏ జాతోడైనా తీస్కోవచ్చు. ఏసీకి ఇంటెలిజెన్స్ కలుస్తది, కాన్సంట్రేషన్ సేవ్‌కి కలుస్తది, ఆరో లెవెల్ల రెండు దెబ్బలు. నీడకత్తితోని రెండు దెబ్బలన్నా! డీఎం ఏడుస్తడు.

లెక్కల_మాస్టారు

పాత దెబ్బ: 3.5లో కాస్టర్ లెవెల్ 8 స్కార్చింగ్ రే అంటే రెండు కిరణాలు, ఒక్కోటి 4డీ6. మొదటిదానికి స్నీక్ 3డీ6. కలిపి 11డీ6, సగటున 38.5.
కొత్త దెబ్బ: షాడో బ్లేడ్ 4డీ8, డెక్స్ +4, స్నీక్ 2డీ6. సగటున 29.

తగ్గినట్టు కనిపిస్తుంది. కానీ పాతది కొట్టిన ప్రతిసారీ ఒక స్లాట్ ఖర్చు. కొత్తది ఒక్క స్లాట్‌తో నిమిషం దాకా, అంటే పది రౌండ్లు చేతిలో ఉంటుంది, కాన్సంట్రేషన్ నిలిస్తే. మూడో రౌండ్‌కే పాతదాన్ని దాటేస్తారు అనబోయాను, కానీ పాతదీ మూడుసార్లు కొట్టొచ్చు కదా. స్లాట్ల లెక్కలో మాత్రం కొత్తదే లాభం.

థాకో_తాతయ్య

> ఓరుగల్లు_ఓర్క్: విజార్డ్‌ని బ్లేడ్‌సింగర్ చెయ్యి.

ఓర్క్ నాయనా, నీ లెక్క బాగుంది. కానీ పీపా వెనక నక్కేవాడు కత్తి పట్టుకుని నాట్యం చేస్తాడా? అది మార్పిడి కాదు, పిల్లాణ్ణి ఆసుపత్రిలో మార్చేయడం.

ఓరుగల్లు_ఓర్క్

తాతా, పదకొండో లెవెల్ల 61 హెచ్‌పీతోని ముందుకు పోతే సచ్చుడే కదా! బతికి ఉంటే కదా నక్కేది. ఆట అన్నంక బలంగ ఉంటే తప్పేంది? 3.5ల గూడ ఆయన ట్రిక్‌స్టర్ తీస్కున్నది బలం కోసమే.

బుడంకాయ_యజమాని

ఓర్క్ అన్నా, నిజం చెప్పాలంటే బలం కోసం కాదు. 3.5లో రోగ్/విజార్డ్ కలపడం అందరూ వద్దన్నారు, దెబ్బ తగలదు, స్పెల్స్ వెనకబడతాయి అన్నారు. నాకు మాత్రం దూరం నుంచి దొంగతనం చేయాలని ఉండేది, అంతే. బ్లేడ్‌సింగర్ చదివితే నోరూరింది, అబద్ధమెందుకు. కానీ బుడంకాయ పాట పాడుతూ కత్తి తిప్పుతున్నాడని ఊహించుకుంటే నవ్వొస్తోంది. ఇల్యూజన్ స్కూల్ తీసుకుంటున్నా. చిన్న చిన్న భ్రమలు పుట్టించొచ్చు. ఇక పీపా లేని ఊళ్ళో కూడా పీపా ఉంటుంది.

ఇరవైముఖాలు

> ఇక పీపా లేని ఊళ్ళో కూడా పీపా ఉంటుంది.

ఇది చాలు. మీవాడు వచ్చేశాడు.

పాత్‌ఫైండర్_పంతులు

ఎవరూ అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. పాత్‌ఫైండర్ అనే ఇంకో ఆట ఉంది, దాని సెకండ్ ఎడిషన్‌లో (2019) లెవెళ్ళు విరగ్గొట్టే పనే లేదు. రోగ్ అయితే పదకొండు లెవెళ్ళూ రోగే, ఫీట్ల బదులు విజార్డ్ ఆర్కిటైప్ పుచ్చుకుంటూ పోవడమే. ప్రొఫిషియెన్సీకి లెవెల్ కూడా కలుస్తుంది కాబట్టి పెద్ద అంకెలు చూడాలన్న ఆయన మోజూ తీరుతుంది. సరే, పోతున్నాను, పోతున్నాను.

వేదిక_నిర్వాహకుడు

ఇద్దరు సభ్యులు పుస్తకాల పీడీఎఫ్ లింకులు పెట్టారు, తీసేశాను. మళ్ళీ పెట్టకండి. ఫిఫ్త్ ఎడిషన్ మూలనియమాలు 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద అందరికీ ఉచితం, కొత్తవాళ్ళకి అవే చాలు. అందులో రోగ్‌కి థీఫ్ సబ్‌క్లాస్ ఒక్కటే ఉంటుంది, ట్రిక్‌స్టర్, షాడో బ్లేడ్ కావాలంటే పుస్తకం కొనాల్సిందే.

బుడంకాయ_యజమాని

డీఎంతో మాట్లాడాను. పాత స్కోర్లు చెల్లవన్నాడు, స్కోర్లు కొనుక్కోడానికి అందరికీ 27 పాయింట్లే. 15, 15, 13, 12, 8, 8 కొన్నాను. హాఫ్లింగ్‌కి డెక్స్ +2, కరిజ్మా +1. విజార్డ్ నాలుగులో డెక్స్‌కి ఒకటి, ఇంటెలిజెన్స్‌కి ఒకటి. ఇప్పుడు ఇలా ఉన్నాడు:

స్ట్రెంత్ 8, డెక్స్ 18, కాన్ 13, ఇంటెలిజెన్స్ 16, విజ్‌డమ్ 12, కరిజ్మా 9
హెచ్‌పీ 61. మేజ్ ఆర్మర్‌తో ఏసీ 17
స్టెల్త్ +12, డిసెప్షన్ +7 (కరిజ్మా పోయినా ఎక్స్‌పర్టీస్ పెట్టి అబద్ధాలు కాపాడుకున్నాను)

విజార్డ్ ఎనిమిదిలో రావాల్సిన పెంపు మిగిలింది. ఇంటెలిజెన్స్ 18 చేయనా?

లెక్కల_మాస్టారు

ఆగండి! మీ పాత హెడ్‌బ్యాండ్ ఇస్తున్నాడా డీఎం? ఇస్తే చేయకండి. 3.5లో అది స్కోరుకి +2 కలిపేది. ఫిఫ్త్‌లో కలపదు, పెట్టుకున్నవాడి ఇంటెలిజెన్స్ 19 చేసేస్తుంది. మీది 16 అయినా 19, 18 అయినా 19. ఆ పెంపుతో వార్ కాస్టర్ ఫీట్ తీసుకోండి, నీడకత్తి చేతిలో ఉండగా దెబ్బ తగిలితే కాన్సంట్రేషన్ సేవ్‌కి అడ్వాంటేజ్ వస్తుంది.

అట్యూన్‌మెంట్ (మాయవస్తువుతో ముడిపడటం) మర్చిపోకండి, మూడు వస్తువులే. 3.5లో 11వ లెవెల్ వాడి దగ్గర 66,000 బంగారు నాణేల సరుకు ఉండాలని పట్టిక చెప్పేది, ఒంటినిండా తగిలించుకునేవాళ్ళు. ఇప్పుడు ఏ మూడు ఉంచుకోవాలో ఎంచుకోండి.

ఓరుగల్లు_ఓర్క్

ఆ హెడ్‌బ్యాండ్ ఎవడన్న కొట్టేస్తే మళ్ల 16కి వస్తవ్ అన్నా. దొంగకి దొంగభయం.

బుడంకాయ_యజమాని

వార్ కాస్టర్ తీసుకున్నా. హెడ్‌బ్యాండ్, క్లోక్, ఒక ఉంగరం ఉంచుకున్నా, మిగతావి మావాళ్ళకి పంచేశా. పిన్నమ్మ కూడా వచ్చేసింది. 3.5లో ఫెమీలియర్ చనిపోతే ఎక్స్‌పీ పోయేది, అందుకని దాన్ని ఎప్పుడూ సంచిలోనే దాచేవాణ్ణి. ఇప్పుడు చనిపోయినా గంటసేపు పూజ, పది నాణేల ధూపం, మళ్ళీ హాజరట.

ఇరవైముఖాలు

అయితే సంచిలోంచి తీయండి! గుడ్లగూబ శత్రువు మీంచి ఎగిరిపోతూ హెల్ప్ చేస్తే మీ తర్వాతి దెబ్బకి అడ్వాంటేజ్. అడ్వాంటేజ్ ఉంటే స్నీక్ అటాక్. వెలుతురున్న చోట కూడా మీ పని జరుగుతుంది.

బుడంకాయ_యజమాని

మొదటి సెషన్ అయ్యింది! ఇక్కడ ఆదివారం ఉదయం, అమెరికాలో ఉన్న ఇద్దరికీ శనివారం రాత్రి.

అక్క చెప్పిన గడప తన్నుకున్నాను. నీడకత్తి చేతిలో పెట్టుకుని "ఫ్లై వేస్తున్నా" అన్నాను. డీఎం ఏమీ అనకుండా స్క్రీన్ మీద నా కత్తి బొమ్మ తీసేశాడు. ఐదో స్లాట్ గోవిందా.

తర్వాత మాత్రం కుదిరింది. గోదాములో మినోటార్. భ్రమతో ఒక పీపా పుట్టించి దాని వెనక కూర్చున్నా. మళ్ళీ నీడకత్తి, ఈసారి నాలుగో స్లాట్, 3డీ8. పిన్నమ్మ దాని కళ్ళముందు నుంచి ఎగిరింది. కత్తి విసిరాను, రెండు డైస్: ఒకటి 4, ఒకటి 1. హాఫ్లింగ్ లక్ కదా, ఆ 1ని మళ్ళీ వేశాను, 19. మా క్లెరిక్ మైక్‌లో అరిచిన అరుపుకి మా ఇంట్లో పాప లేచి కూర్చుంది. డీఎం అన్నమాట: "అప్పుడు పీపాలు పెట్టడం మానేశాను, ఇప్పుడు నువ్వే తెచ్చుకుంటున్నావా."

థాకో_తాతయ్య

ట్రంకుపెట్టె దింపించాను. ఎల్ఫ్ షీట్ ఉంది, పెన్సిల్ రాత చెరిగిపోయి సగమే కనిపిస్తోంది. మా మనవరాలు భూతద్దం పెట్టి చదివి టైపు చేస్తానంది. వేరే దారం తెరుస్తాను.

బుడంకాయ_యజమాని

తాతయ్యా, తెరవండి, మేమంతా వస్తాం.

రెండో సెషన్ సంగతి ఒకటి చెప్పి ఊరుకుంటా. కింది అంతస్తులో మైండ్ ఫ్లేయర్లు ఉన్నాయని తెలిసింది. వాటి మైండ్ బ్లాస్ట్‌కి ఇంటెలిజెన్స్ సేవ్. మా బార్బేరియన్‌కి ఇంటెలిజెన్స్ 8, సేవ్ మైనస్ 1. వాడు కొయ్యబారిపోతే అందరం పోతాం. నాకు హెడ్‌బ్యాండ్ తీసేస్తే స్పెల్ డీసీ (నా మంత్రాన్ని తట్టుకోవాలంటే ఎదుటివాడికి పడాల్సిన అంకె) 16 నుంచి 15 అవుతుంది, అంతేగా. వాడి తలకి కట్టాను. షార్ట్ రెస్ట్‌లో అట్యూన్ అయ్యాడు, ఇంటెలిజెన్స్ 19.

కళ్ళు తెరవగానే వాడు చేసిన మొదటి పని, నేను గ్రూపులో పెట్టిన షీట్ స్కాన్ రెండో వైపు స్క్రీన్ మీద పెట్టడం. నా చేతిరాతతో 2007 నాటి పంపకాల పద్దు. ఫిఫ్త్‌లో బార్బేరియన్‌కి చదువు వస్తుందన్న సంగతి నేను మర్చిపోయాను.

"బుడంకాయా, మనం ఐదుగురం. 6,600 నాణేలు. నాకు 1,320 రావాలి. 1,100 ఇచ్చావు. ఆరుతో ఎందుకు భాగించావు?"

పిన్నమ్మకి కూడా వాటా ఉందన్నాను.

"సంచిలో ఉండే గుడ్లగూబకి 1,100 నాణేలు దేనికి?"

డిసెప్షన్ వేశాను. 3 పడింది. సెషన్ అక్కడ ఆపారు. వచ్చే ఆదివారం మైండ్ ఫ్లేయర్ల కంటే ముందు పంచాయితీ ఉందట.